బుధవారం విమానంలో పసుపు లైటు

జాక్‌ఫిష్ పాయింట్,
ఫిబ్రవరి 14, 1991.

బెల్‌రోజ్ ఎయిర్ కంపెనీ పెద్ద మెకానిక్ వాసిలిక్ గారికి,

ఫిలొమీన్ మెర్క్రెడీ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. నిన్న మీ షెడ్డులో ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకుని రెండు గంటల పైనే కూర్చుని, మీ కెటిల్లో టీ అంతా ఖాళీ చేసిన ముసలమ్మ మీకు గుర్తుండే ఉంటుంది. అది నేనే. వయసు డెబ్బై ఒకటి. ఊళ్ళో పెద్దాచిన్నా అందరూ పెద్దమ్మా అంటారు. మీకూ అభ్యంతరం లేకపోతే అలాగే పిలవండి.

ఒక నేరం ఒప్పుకోవడానికి ఈ ఉత్తరం.

నిన్న బుధవారం విమానంలో నేను కేప్టెన్ వెనక మొదటి సీటులో ఉన్నాను. ఏప్రిల్లో మా ఊరి మంచు జాతర. దానికోసం పట్నంలో కొన్న చిప్స్ ప్యాకెట్లు రెండు పెద్ద పెట్టెలనిండా నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. విమానం పైకి పోయేకొద్దీ ఆ ప్యాకెట్లు కప్పల్లా ఉబ్బుతాయని మీకు తెలుసు కదా. బయల్దేరిన ఇరవై నిమిషాలకు అందులో ఒకటి ఢాం అని పేలింది. సరిగ్గా అప్పుడే కేప్టెన్ ముందర ఒక పసుపు లైటు వెలిగింది. ఆ అమ్మాయి లోర్నా సాంగ్రిస్ పక్కవాడితో, "చిప్ లైట్" అంది. చిన్నగానే అంది, కానీ నాకు వినబడింది. అని, విమానం వెనక్కి తిప్పేసింది.

నా చిప్స్ పేలిన సంగతి మీ లైటుకు అంత తొందరగా ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. కొన్ని ముక్కలు ఇంజిన్లోకి పోయుంటాయా? ఉప్పు వేసినవి. ఉప్పు ఇనుముకు మంచిది కాదంటారు.

నేను రాసేదల్లా ఒకటే. లోర్నా మా ఊరి పిల్ల. మా ఊళ్ళో పుట్టి కేప్టెన్ అయినవాళ్ళలో మొదటిది. ఆ సీటులో కూర్చుని ఇంకా నెల కాలేదు. మూడు గంటలు ఆలస్యంగా దిగేసరికి రన్‌వే మీద చలిలో నిలబడ్డ నోయెల్ మాండవిల్ (జాతర కమిటీకి పెద్ద, ఊళ్ళో ట్రక్కు సరిగ్గా నడిచేది అతనిదొక్కటే), "వచ్చింది మన వెనక్కితిప్పు కేప్టెన్" అన్నాడు. సాయంత్రానికి ఊరంతా అదే పేరు. తప్పు నా చిప్స్‌ది. పిల్లను ఏమీ అనకండి.

జవాబు రాయండి. పెద్ద అక్షరాలతో రాయండి, కంపెనీ కాగితం మీదే రాయండి.

ఇట్లు,
మీ మన్నింపు కోరే
ఫిలొమీన్ మెర్క్రెడీ

తా.క. పేలిన ప్యాకెట్టులో మిగిలినవి వెనక సీటు నర్సమ్మకూ నాకూ సరిపోయాయి. కాబట్టి ఇంజిన్లోకి పోయినవి ఎక్కువ ఉండకపోవచ్చు.


ఫోర్ట్ ఆల్డెన్,
ఫిబ్రవరి 21, 1991.

శ్రీమతి మెర్క్రెడీ గారికి,

మీ ఉత్తరం అందింది. నేను ఇంజిన్లు బాగుచేస్తాను. ఉత్తరాలు రాయను. ఇంటికి కూడా రాయను. అయినా మీరు నేరం అన్నారు గనక రాస్తున్నాను.

మీ చిప్స్ నిర్దోషులు. వాటికీ ఆ లైటుకూ ఏ చుట్టరికమూ లేదు. పైన గాలి పలచగా ఉంటుంది, ప్యాకెట్టులోది చిక్కగా ఉంటుంది, అందుకని పేలుతుంది.

మా భాషలో చిప్ అంటే లోహపు ముక్క. ఇంజిన్ ముందుభాగంలో పళ్ళచక్రాలుంటాయి. వాటిని ఆయిల్ తడుపుతూ ఉంటుంది. ఆ ఆయిల్ చేరే అడుగుచోట మేము ఒక చిన్న ప్లగ్గు బిగిస్తాం. దాని కొనలో అయస్కాంతం ఉంటుంది. చక్రాలు అరిగి రాలిన లోహం ఏదైనా ఉంటే అది పట్టుకుంటుంది. కొన మధ్యలో ఉన్న సన్నని సందును ఆ లోహం పూడ్చేస్తే కరెంటు పారుతుంది, కేప్టెన్ ముందర పసుపు లైటు వెలుగుతుంది. అంతే.

ఆ రోజు నేను ప్లగ్గు తీసి తెల్లగుడ్డ మీద తుడిచాను. కనురెప్ప వెంట్రుకంత రజను ఉంది. పాత ఇంజిన్లో అది మామూలే. కడిగి, బిగించి, ఇంజిన్ నేలమీద నడిపి చూశాను. ఏమీ లేదు. పంపించేశాను.

కేప్టెన్ సాంగ్రిస్‌ను ఎవరూ ఏమీ అనలేదు.

ఇట్లు,
ఓ. వాసిలిక్, ముఖ్య మెకానిక్

తా.క. ఆ కెటిల్లో ఉన్నది టీ కాదు. నిన్నటి కాఫీ. మీరు అంతా తాగారని విని మా షెడ్డులో అందరూ మిమ్మల్ని గౌరవిస్తున్నారు.


జాక్‌ఫిష్ పాయింట్,
ఫిబ్రవరి 28, 1991.

గౌరవనీయులైన వాసిలిక్ గారికి,

ఇక్కడ సున్నాకు దిగువ ముప్ఫై అయిదు డిగ్రీల చలి తప్ప అందరం బాగానే ఉన్నాం. మీ షెడ్డూ, మీ కెటిలూ బాగున్నాయని తలుస్తాను.

మీ ఉత్తరం నిన్న విమానంలో వచ్చింది. మోసుకొచ్చింది లోర్నాయే, లోపల తన సంగతే ఉందని తెలీకుండా. నేను దాన్ని కో-ఆప్ దుకాణంలో అందరికీ చదివి వినిపించాను. మంచి ఉత్తరం. కానీ నాయనా, అందులో మీరు "ఏమీ లేదు" అని రాశారు. ఆ రెండు మాటలూ తప్ప మిగతాది ఎవరి చెవిలోనూ నిలవలేదు.

నోయెల్ అప్పుడు పిండిబస్తా మీద కూర్చుని ఉన్నాడు. "విన్నారా? ఏమీ లేదట. ఏమీ లేనిదానికి మూడు గంటలు. కనురెప్ప వెంట్రుకకు భయపడి వెనక్కి తిప్పింది. నా కళ్ళలో పడితే నేను తుడుచుకుని ముందుకే పోతాను" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా కొంచెం నవ్వాను, తర్వాత మానుకున్నాను.

పైగా అతను ఇంకో మాటన్నాడు. "నా ట్రక్కులో పసుపు లైటు ఆరేళ్ళుగా వెలుగుతోంది. ఒక నల్ల టేపు ముక్క అంటించాను. ట్రక్కు నడవడం లేదా? మీ పెద్దమ్మలందరినీ గడ్డకట్టిన సరస్సు మీద ఐస్ రోడ్డులో తిప్పడం లేదా?" నిజమే. నేను లెక్క చూశాను. మా ఊళ్ళో పద్నాలుగు ట్రక్కులుంటే పన్నెండింటిలో టేపు ఉంది. మిగతా రెండింటిలో లైట్లే లేవు.

కాబట్టి మీకు అదే సలహా పంపమంటున్నారు. ఈ ఉత్తరంతో పాటు కొత్త టేపు చుట్ట ఒకటి పంపుతున్నాను. చలికి ఊడదు.

ఇంకో అనుమానం కూడా ఉంది. నిన్న విమానం మా ఊరినుంచి బయల్దేరేముందు లోర్నాకు వేడి బానక్ రొట్టె ఇద్దామని ఎక్కాను. నోయెల్ నా వెనకే వచ్చాడు. ఆ అమ్మాయి ఏదో మీట నొక్కింది. ఒక్కసారిగా ఎరుపూ, పసుపూ, పచ్చా అన్ని లైట్లూ వెలిగాయి. నేను లెక్కపెట్టాను, ఇరవై. పిల్ల వాటిని చూసి, "బాగుంది" అని నవ్వి, ఇంజిన్ తిప్పి వెళ్ళిపోయింది. ఒక్క లైటు వెలిగితే వెనక్కి తిప్పిన మనిషి ఇరవై వెలిగితే నవ్వుతూ బయల్దేరడం ఏమిటి? ఊళ్ళో దీనిమీద రెండు పార్టీలు అయ్యాయి. ఒక పార్టీ మీ లైట్లు అబద్ధాలాడతాయంటోంది. రెండో పార్టీ లోర్నాకు రంగులు తెలియవంటోంది.

దయచేసి ఖుల్లంఖుల్లాగా రాయండి. అక్షరాలు ఇంకొంచెం పెద్దవిగా.

ఇట్లు,
ఫిలొమీన్ మెర్క్రెడీ

తా.క. టేపు అంతా వాడనక్కర్లేదట. మిగిలింది తిరిగి పంపమని నోయెల్ చెప్పమన్నాడు.


ఫోర్ట్ ఆల్డెన్,
మార్చి 7, 1991.

శ్రీమతి మెర్క్రెడీ గారికి,

టేపు అందింది. దాన్ని చూసి నేను పది నిమిషాలు షెడ్డు బయట నడిచి వచ్చి, అప్పుడు ఈ కాగితం తీశాను.

మాండవిల్ గారికి నా మాటగా ఇది చదవండి. అయ్యా, మీ ట్రక్కు ఆగిపోతే మీరు తలుపు తీసి దిగుతారు, నాలుగు బూతులు తిట్టి ఇంటికి నడుస్తారు. విమానానికి కూడా తలుపు ఉంది. దిగడం కూడా సులువే. ఆ తర్వాత నడవడమే కష్టం.

టేపు అంటిస్తే లైటు కనబడకుండా పోతుంది. రజను కనబడకుండా పోదు.

ఇక ఇరవై లైట్ల సంగతి. బయల్దేరేముందు కేప్టెన్ ఆ మీట నొక్కేది లైట్లను పరీక్షించడానికి. ఇంజిన్‌ను కాదు. దీపం ఆరిపోయి ఉంటే రెండు అర్థాలుంటాయి. ఒకటి, అంతా క్షేమం. రెండు, బల్బు మాడిపోయింది. ఈ రెండింట్లో ఏదో తెలియాలంటే ముందు అన్నిటినీ ఒకసారి వెలిగించి చూడాలి. అన్నీ వెలిగాయంటే అన్నీ బతికున్నాయని. అందుకే కేప్టెన్ సాంగ్రిస్ నవ్వింది. నేనైనా నవ్వుతాను, నాకది అలవాటు లేకపోయినా.

రంగుల సంగతి కూడా రాస్తున్నాను, మీ రెండో పార్టీ కోసం. ఎరుపు అంటే ఇప్పుడే, ఈ క్షణమే ఏదో ఒకటి చెయ్యి అని. ఇంజిన్లో మంట, ఆయిల్ ఒత్తిడి పడిపోవడం అలాంటివి. పసుపు అంటే నన్ను పట్టించుకో, ఎక్కువసేపు ఆగకు అని. పచ్చ అంటే నువ్వు చెయ్యమన్న పని జరుగుతోంది అని. ఎరుపు అరుస్తుంది. పసుపు దగ్గుతుంది. పచ్చ తల ఊపుతుంది. ఇంతకంటే బాగా నాకు రాయడం రాదు.

ఇట్లు,
ఓ. వాసిలిక్

తా.క. టేపు తిరిగి పంపడం కుదరదు. నా అన్నం డబ్బా మూత విరిగితే దానికి వేశాను. గట్టి టేపు. ఈ మాట మాండవిల్ గారికి చెప్పకండి.


జాక్‌ఫిష్ పాయింట్,
మార్చి 14, 1991.

ఆయురారోగ్యాలతో ఉండవలసిన వాసిలిక్ గారికి,

నిన్న మీ ఉత్తరం చదివాను. "ఎరుపు అరుస్తుంది, పసుపు దగ్గుతుంది" అన్నచోట కో-ఆప్‌లో అందరూ రెండోసారి చదవమన్నారు. మీకు రాయడం రాదని మీకెవరు చెప్పారో గానీ వాళ్ళకు చదవడం రాదు. టేపు సంగతి పొరపాటున చదివేశాను. నోయెల్‌కు మీమీద కొంచెం అభిమానం కలిగింది.

అయితే నాయనా, ఆ తర్వాత జరిగింది వినండి. ఈ ఊరికి ఒక విషయం సగం తెలిస్తే అసలు తెలియనప్పటికన్నా ప్రమాదం.

ఉత్తరం చదివిన గంటలోపే విమానం పట్నానికి బయల్దేరాలి. ఎక్కవలసిన పదకొండుమందీ సీట్లలో కూర్చోలేదు. లైట్ల పరీక్ష చూద్దామని కేప్టెన్ వెనక గుమిగూడారు, పెళ్ళిలో పిండివంటల బల్ల దగ్గర గుమిగూడినట్టు. లోర్నా, "కూర్చోండి బాబూ, బరువంతా ముందుకొచ్చేస్తోంది" అంది. ఎవరూ కదల్లేదు. మీట నొక్కింది. కొడుకును ఎక్కించడానికి వచ్చిన నోయెల్ వేలుపెట్టి లెక్కపెట్టాడు. పంతొమ్మిది.

"ఒకటి వెలగలేదు" అన్నాడు.

"చూశాను మామా" అంది లోర్నా. ఇంజిన్ తిప్పలేదు. జేబులోంచి చిన్న బల్బు తీసి, పాతది పీకి, కొత్తది పెట్టి, మళ్ళీ మీట నొక్కింది. ఇరవై. దీనికి పావుగంట పట్టింది. ఈ పావుగంట ఆలస్యానికి, నోయెల్ కొడుకు పట్నం చేరేసరికి అతను ఆడే హాకీ మ్యాచి మొదలైపోయిందట.

సాయంత్రం కో-ఆప్‌లో ఇదే గోల. "లైటు వెలిగితే వెనక్కి పోతుంది. వెలగకపోతే ముందుకు పోదు. మరి ఈ పిల్ల ఎప్పుడు నడుపుతుంది విమానం?" అన్నాడు నోయెల్.

ఇక నవ్వులాట అయిపోయింది వాసిలిక్ గారూ. నోయెల్ పోయిన వారమే ఒక అర్జీ రాశాడట. "బుధవారం విమానానికి కేప్టెన్‌ను మార్చాలి" అని. ఇంటింటికీ తిరిగి ముప్ఫై ఒక్క సంతకాలు పెట్టించాడు. ఇరవై ఏడో తారీఖు విమానంలో తానే వెళ్ళి మీ యజమాని బెల్‌రోజ్ గారి చేతికి ఇస్తాడట. నోయెల్ చెడ్డవాడు కాదు. నా ఇంటి కప్పు మీద మంచు తీసేది అతనే. కానీ ఒక మాట అన్నాక వెనక్కి తీసుకోవడం అతనికి ట్రక్కులో రివర్స్ గేరు లాంటిది. ఉంది, పడదు.

లోర్నాకు తెలిసింది. నిన్న దిగగానే ఉత్తరాల సంచీ ఇవ్వడానికి వచ్చి నా వంటింట్లో కూర్చుంది. "వాళ్ళు సంతకాలు పెట్టినందుకు కాదు నా బాధ పెద్దమ్మా. మా అమ్మమ్మ కూడా పెట్టింది" అంది. నేను రొట్టె మీద ఇంకొంచెం వెన్న రాశాను.

కాబట్టి నాకు రెండే ప్రశ్నలు. తీరా చూస్తే ఉత్త రజనే కదా, మరి ఆ రోజు వెనక్కి తిప్పడం తప్పా, ఒప్పా? ఈ అమ్మాయి పిరికిదా, కాదా? వచ్చే బుధవారం ఈ ఉత్తరం మీకు చేరుతుంది. ఆ పై బుధవారానికి మీ జవాబు నాకు చేరాలి. ఆ రోజే నోయెల్ బయల్దేరేది.

ఇట్లు,
మీ పెద్దమ్మ
ఫిలొమీన్

తా.క. వాళ్ళ అమ్మమ్మను అడిగాను, ఎందుకు పెట్టావే అని. జాతరకు ఫిడేలు వాయించేవాడి కోసం చందా కాగితం అనుకుందట.


ఫోర్ట్ ఆల్డెన్,
మార్చి 21, 1991.

పెద్దమ్మ గారికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. మా ఆవిడ, ఈ ఫిలొమీన్ ఎవరని అడుగుతోంది.

ముందు మొదటి ప్రశ్న. వెనక్కి తిప్పడం ఒప్పు. పూర్తిగా ఒప్పు.

లైటు వెలిగినప్పుడు కేప్టెన్‌కు తెలిసేది ఒక్కటే. అయస్కాంతం మీద ఏదో ఉంది అని. అది రజనో, చక్రం పంటినుంచి లేచిన పెచ్చో ఆ సీటులోంచి తెలియదు. ఎంత గొప్ప కేప్టెన్‌కైనా తెలియదు. లైటుకే తెలియదు. తెలిసేది నాకు, అదీ నేలమీద, ప్లగ్గు విప్పి తెల్లగుడ్డ మీద తుడిచాక. రజనైతే వేళ్ళ మధ్య బురదలా జారుతుంది. పెచ్చయితే గుచ్చుకుంటుంది.

ఆ రోజు ఆమెకు వెనక ఇరవై నిమిషాల దూరంలో నేనున్నాను, తెల్లగుడ్డతో సహా. ముందు యాభై నిమిషాల దూరంలో మీ ఊరుంది, అక్కడ టేపు ఉంది. ఆయిల్ ముల్లు చూసింది, ఒత్తిడి సరిగా ఉందని తెలుసుకుంది, నెమ్మదిగా తిరిగి వచ్చింది. నేను నిబంధనల పుస్తకం పట్టుకుని పక్కన కూర్చున్నా ఇంతకంటే వేరే చెప్పను.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ ప్లగ్గులు తుడుస్తున్నాను. లైటు వెలిగి నా దగ్గరికి వచ్చినవి నాలుగు వందల పైచిలుకు. దాదాపు అన్నీ రజనే. పెచ్చులు దొరికింది పదకొండు సార్లు. ఆ పదకొండు సార్లూ కేప్టెన్లు వెనక్కి తిప్పారు, ఉత్త రజనే అయ్యుంటుందిలే అనుకోకుండా. ఆ పదకొండుమందీ ఇప్పటికీ నాకు క్రిస్మస్‌కు కార్డులు పంపుతారు. వాళ్ళలో ఒకాయన మూడో పెళ్ళి కూడా చేసుకున్నాడు, అది వేరే ప్రమాదం.

రజనుకు వెనక్కి తిరగనివాడు పెచ్చుకూ తిరగడు. ఎందుకంటే రెండింటి లైటూ ఒక్కటే.

రెండో ప్రశ్నకు జవాబు, మీరడిగినట్టు పెద్ద అక్షరాలతో, వెనక పేజీ అంతా రాశాను. పిరికిది కాదు. పిరికివాళ్ళు నలుగురు నవ్వుతారని భయపడతారు. ఆమె పడలేదు.

ఒక చెడ్డ వార్త. బెల్‌రోజ్ గారిని కదిపి చూశాను. ఆయన నాతో ఏకీభవించాడు. కానీ ఊరే వద్దంటే నేనేం చేసేది అన్నాడు. అర్జీ చేతికి వస్తే ఆమెను సరుకుల విమానానికి మారుస్తాడు. డ్రమ్ములు అర్జీలు పెట్టవు అన్నాడు.

ఇట్లు,
ఓరెస్ట్

తా.క. నేను ఇంతవరకూ రాసిన అన్ని ఉత్తరాలకంటే ఇదే పొడుగు. మా ఆవిడ చదివి, ఇరవై తొమ్మిదేళ్ళలో నాకు ఒక్కటైనా రాశావా అని అడిగింది. ఇప్పుడు ఆవిడకొకటి రాయాలి. ఎలా మొదలుపెట్టాలో చెప్పండి.


జాక్‌ఫిష్ పాయింట్,
మార్చి 27, 1991, మధ్యాహ్నం.

నాయనా ఓరెస్ట్,

రేపు పొద్దున నువ్వు మంచు మీద దిగే స్కీల విమానంలో ఇక్కడికి వస్తున్నావని రేడియోలో చెప్పారు. ఈ ఉత్తరాన్ని రన్‌వే పక్క గదిలో మేకుకు గుచ్చి పెడుతున్నాను. దిగగానే చదువు. ఎదురుగా నిలబడి చెప్పడానికి నాకు సిగ్గు.

ముందు జరిగింది చెబుతాను.

పొద్దున నీ ఉత్తరం చేరింది. అదే గదిలో, విమానం కోసం కూర్చున్న తొమ్మిదిమందికీ చదివాను. నోయెల్ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, వినడం లేదన్నట్టు. అర్జీ అతని కోటు లోపలి జేబులో ఉంది. పదకొండు అన్నచోట, "ఎన్ని అన్నావు?" అన్నాడు. "పదకొండు" అన్నాను. మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

నేనూ విమానం ఎక్కాను. నోయెల్ కంటే ముందు మీ బెల్‌రోజ్ గడప తొక్కాలని నా పంతం. నోయెల్ పక్క సీటే దొరికింది. లోర్నా మీట నొక్కింది. ఇరవై వెలిగాయి. బయల్దేరాం.

గాల్లోకి లేచి ఎనిమిది నిమిషాలు కాలేదు. పసుపు లైటు వెలిగింది. అదే లైటు.

ఆ పిల్ల మెడ వెనకభాగం నాకు కనబడుతోంది. ఒక్క క్షణం అది రాయిలా బిగుసుకుంది. తన వెనక సీటులో ఎవరున్నారో, జేబులో ఏముందో దానికి తెలుసు. ముందుకు పోతే గంటలో పట్నం. తిప్పితే ఆ అర్జీకి తనే ముద్ర వేసినట్టు. ఆయిల్ ముల్లు చూసింది. తర్వాత మైకు తీసుకుని, "వెనక్కి తిప్పుతున్నాను. ఎనిమిది నిమిషాల్లో మన ఊళ్ళోనే దిగుతాం" అంది. అప్పటికే విమానం ఒక పక్కకు వాలి తిరుగుతోంది.

వెనకనుంచి కొత్తగా వచ్చిన నర్సమ్మ, "ఏమైంది, ఏమైంది?" అంది. నోయెల్ బెల్టు పెట్టుకునే వెనక్కి తిరిగాడు.

"కంగారు పడకమ్మా. అది చిప్ లైటు. ఆయిల్లో అయస్కాంతం ఉంటుంది. దానికి ఏదో అంటుకుంది. రజనో, పెచ్చో. ఇక్కడనుంచి ఎవరికీ తెలీదు, కేప్టెన్‌కే తెలీదు. నేలమీద తెల్లగుడ్డ కావాలి. పసుపు దగ్గుతుందమ్మా, అరవదు. అరిచేది ఎరుపు."

"మీకెలా తెలుసు?" అంది నర్సమ్మ.

"ఇలాంటివి తెలిసుండాలి" అన్నాడు.

దిగాం. అందరికంటే ముందు దిగింది నోయెల్. వెళ్ళిపోతాడనుకున్నాను. నిచ్చెన పక్కనే నిలబడి, చివర్న లోర్నా దిగేదాకా ఆగాడు. చాలాసేపు చేతి తొడుగులు సర్దుకున్నాడు. "కేప్టెన్, రాత్రికి ఇంజిన్ గడ్డకట్టకుండా నా హీటరు తెచ్చి పెట్టమంటావా?" అన్నాడు. కేప్టెన్ అనడం అదే మొదటిసారి, ముందు ఏ తోకా తగిలించకుండా. "తెచ్చి పెట్టు మామా" అంది లోర్నా. అంతే, మా ఊళ్ళో క్షమాపణ అంటే ఇంతకంటే పొడుగు ఉండదు.

హీటరు తెచ్చాడు. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి పెన్ను అడిగాడు. ఈ ఉత్తరంతో పాటు ఉన్న కాగితం చూడు. పాత అర్జీయే. "కేప్టెన్‌ను మార్చాలి" అన్నచోట "మార్చాలి" కొట్టేసి పైన "మార్చకూడదు" అని రాశాడు. కింద ముప్ఫై ఒక్క సంతకాలు అలాగే ఉన్నాయి. వాళ్ళను మళ్ళీ అడగవా అన్నాను. "ఇంటింటికీ తిరిగే ఓపిక లేదు. ఒప్పుకోనివాళ్ళ ట్రక్కు ఈసారి ఐసులో ఇరుక్కుంటే నేను లాగను" అన్నాడు. దీన్ని మీ బెల్‌రోజ్ చేతికి నువ్వే ఇవ్వు. ముప్ఫై రెండో సంతకం నాది. లోర్నా అమ్మమ్మ రెండోసారి కూడా పెట్టింది, ఈసారి చదివి.

ఇప్పుడు నా సిగ్గు సంగతి.

నాయనా, చిప్ లైటు అంటే ఏమిటో నాకు 1969 నుంచీ తెలుసు.

మా ఆయన గనుల దగ్గర విమానాల మెకానిక్. మంచి పనివాడు, కానీ చేతులు ఎలుగుబంటి చేతులు. ఇంజిన్ అడుగున ఆ ప్లగ్గు ఉండే సందులోకి పట్టేవి కావు. నావి పట్టేవి. పదకొండేళ్ళు ఆ గనుల దగ్గర ప్రతి ప్లగ్గూ విప్పింది నేను, తుడిచింది నేను. సంతకం ఆయనది. తెల్లగుడ్డ లేనప్పుడు నా పెళ్ళినాటి చేతిరుమాలు వాడాను. రజను బురదలా జారుతుందని నువ్వు రాసినచోట చదవడం ఆపి ముక్కు చీదుకోవలసి వచ్చింది. చలి అని చెప్పాను.

ఆ ప్రశ్నలేవీ నావి కావు. అన్నీ నోయెల్‌వి. పేలిన ప్యాకెట్టు సంగతి నేను ఇలా చెప్పానో లేదో, "నీ చిప్సే పెద్దమ్మా, ఇంజిన్లోకి పోయుంటాయి" అని తేల్చింది అతనే. కాదురా, అది ఫలానా అని చెప్పాను. "నీకేం తెలుసు పెద్దమ్మా, నువ్వు టీ పెట్టు" అన్నాడు. నేను ఈ ఊళ్ళో టీ పెట్టే మనిషిని. నేను చెబితే నవ్వుతారు. కంపెనీ కాగితం మీద పెద్ద మెకానిక్ చెబితే టోపీ తీసి వింటారు. నోయెల్ తనకు తెలియదని నలుగురిలో ఒప్పుకుని నీకు రాయడు. చచ్చినా రాయడు. అందుకని వాళ్ళందరి బదులూ నేనొక్కదాన్నే తెలివితక్కువదాన్నయ్యాను. డెబ్బై ఒక్కేళ్ళు వచ్చాక దానివల్ల నాకు పోయేదేముంది. పెద్ద అక్షరాలు అడిగింది కూడా నా చూపు కోసం కాదు, కో-ఆప్ గోడ మీద అంటిస్తే వెనక వరసకు కనబడాలని.

నీ మొదటి ఉత్తరంలో "ఏమీ లేదు" అని రాసి నా కొంప ముంచావు. తర్వాత బాగానే దిద్దుకున్నావు.

మీ ఆవిడకు ఉత్తరం ఎలా మొదలుపెట్టాలని అడిగావు. "నాకు రాయడం రాదు" అని మాత్రం మొదలుపెట్టకు. ఆవిడ వండినదాంట్లో నీకు ఇష్టమైనది ఒకటి పేరుపెట్టి రాయి. మిగతాది అదే వస్తుంది.

ఇది చదివాక కోపం రాకపోతే నీలం తలుపు ఇంటికి రా. నా కెటిల్లో ఉన్నది నిజంగా టీయే.

ఇట్లు,
ఫిలొమీన్

తా.క. నేను సొంతంగా అడుగుతున్న మొదటి ప్రశ్న ఇది. రేపు ప్లగ్గు తీసేటప్పుడు నన్ను పిలుస్తావా? పదేళ్ళ పైనే అయింది ఒకటి పట్టుకుని. నీ చెయ్యి ఆ సందులో పట్టకపోతే చెప్పు, నాది ఇంకా పడుతుంది. ఇప్పుడే తలుపు గడియ సందులో పెట్టి చూసుకున్నాను.